గాలి లెక్క తప్పితే...

రేసు ట్రాక్ మీద ఒక్క సెకను తగ్గించాలన్నా, రోహిణి కార్తెలో ఇంటిల్లిపాదీ కారెక్కి తిరుపతి వెళ్లి క్షేమంగా తిరిగి రావాలన్నా... రెండూ ఆధారపడేది ఒక్కదాని మీదే. టైర్లో గాలి! రేసర్లు దాన్ని పొల్లుపోకుండా లెక్కపెడతారు. మనమేమో ఆ లెక్కను గాలికే వదిలేస్తాం.

'ఎంత పెట్టమంటారు సార్?'

పెట్రోలు బంకులో గాలి గొట్టం చేతపట్టుకున్న కుర్రాడు అడుగుతాడు. కారు అద్దం దించి మనమిచ్చే జవాబులు మూడే మూడు. 'నీకు తెలుసుగా, పెట్టెయ్', 'ముప్ఫై అయిదు కొట్టు', ఎండాకాలమైతే 'కాస్త తగ్గించి పెట్టవోయ్, వేడికి పేలుతుంది'. నాలుగు చక్రాలకీ కలిపి రెండు నిమిషాలు. ఆ తర్వాత గాలి సంగతి గుర్తొచ్చేది మళ్లీ పంచరైనప్పుడే.

అదే ప్రశ్న చెన్నై శివార్లలో శ్రీపెరుంబుదూరు దారిలో ఉన్న ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ దగ్గర అడిగి చూడండి. జవాబు చెప్పేముందు వాళ్లే నాలుగు ప్రశ్నలు అడుగుతారు. టైరు చల్లగా ఉందా వేడిగా ఉందా, కారు ఇప్పటిదాకా ఎండలో ఉందా నీడలో ఉందా, ఎన్ని రౌండ్లు తిప్పుతారు, కిందటిసారి దిగాక ముందు టైర్లో ఎంత చూపించింది? ఇవన్నీ రాసుకోవడానికి జేబులో ఓ చిన్న పుస్తకం కూడా ఉంటుంది.

బెజవాడ చెవి... మద్రాసు మీటరు

విజయవాడకు రేసు ట్రాక్ లేదు. కానీ చక్రాల గురించి బెజవాడకు ఒకరు చెప్పాలా! లారీలకు బాడీ కట్టడం దగ్గర్నుంచి అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించడం దాకా జవహర్ ఆటోనగర్‌లో దొరకని పనంటూ లేదు. కోల్‌కతా- చెన్నై దారీ, హైదరాబాద్- మచిలీపట్నం దారీ కలిసేచోట పుట్టిపెరిగిన ఊరు మరి.

ఆ దారుల్లో తెల్లవారుజామున ఏ దాబా దగ్గర ఆగినా ఓ దృశ్యం కనిపిస్తుంది. లారీ క్లీనరు జాకీ రాడ్డు పట్టుకుని చక్రాల చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ తట్టి చూస్తుంటాడు. గాలి నిండుగా ఉన్న టైరు 'టంగ్'మంటుంది. తగ్గిన టైరు 'బొద్దు'గా పలుకుతుంది. లారీ టైర్లో వంద పీఎస్ఐకి పైగా ఒత్తిడి ఉంటుంది కాబట్టి మోతలో తేడా బాగానే తెలుస్తుంది. జంట చక్రాల్లో లోపలిది మెత్తబడినా పైకి కనిపించదు, అందుకే ఈ తట్టడం. మీటరు లేని రోజుల్లో పుట్టిన విద్య ఇది. చెవే గేజి.

కారు టైరుకు ఈ విద్య పనికిరాదు. ముప్ఫై పీఎస్ఐ ఉన్నదీ ఇరవై అయిదు ఉన్నదీ తట్టినా, తన్నినా, ఎగాదిగా చూసినా ఒక్కలాగే ఉంటాయి. ఇప్పటి రేడియల్ టైర్లు గాలి సరిగా ఉన్నా కింద కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తాయి. అయిదు పీఎస్ఐ తగ్గితే కంటికి ఆనదు. రోడ్డుకు మాత్రం తెలుస్తుంది.

పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌన్ల ఒత్తిడి. కారు టైరు రోడ్డును తాకేది అటూ ఇటుగా అరచేయంత మేర. నాలుగు చక్రాలకీ నాలుగు అరచేతులు. టన్ను బరువున్న కారు, అందులోని అయిదుగురూ, డిక్కీలోని సామానూ... మలుపు తిరిగినా బ్రేకు వేసినా అన్నిటినీ పట్టి ఉంచేది ఆ నాలుగు అరచేతులే. అవి నిండుగా నేలకు ఆనుతున్నాయా, అంచులతోనో మధ్యభాగంతోనో ఆనుతున్నాయా అన్నది గాలి నిర్ణయిస్తుంది.

ట్రాక్ మీద ఓ రోజు

విజయవాడ నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని నాలుగువందల యాభై కిలోమీటర్లు వెళ్తే మద్రాసు ట్రాక్. అంతకుముందు మన దక్షిణాది రేసులకు వేదిక షోళవరంలోని పాత విమానాల రన్‌వే. రెండో ప్రపంచయుద్ధకాలం నాటి ఆ పట్టీ మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు పోటీలు నడిపించింది. తర్వాత ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే కూడా ఉంది. మారుతి ఇంజిన్‌తో మన దేశంలో చవకగా రేసుకారు తయారుచేసిన ఎస్.కరివర్ధన్ పేరు మీద వెలిసిన ట్రాక్ అది.

రేసులు లేని రోజుల్లో ఇలాంటిచోట్ల 'ట్రాక్ డే'లు పెడతారు. ఇది పోటీ కాదు. ఎవరి కారు వాళ్లు, ఎవరి బైకు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఎదురుగా బస్సూ గేదే రాని రోడ్డు మీద తమ బండి సత్తా ఎంతో చూసుకునే రోజు. రోడ్ల మీద పందేలు కాసే కుర్రాళ్లను అక్కడికి పంపితే పోలీసులకూ, తల్లిదండ్రులకూ కాస్త నిద్రపడుతుంది.

మొదటిసారి వెళ్లినవాళ్లంతా చేసే పొరపాటు ఒక్కటే. పొద్దున్నే నాలుగు టైర్లలోనూ కంపెనీవాళ్లు చెప్పినట్టే 33 పీఎస్ఐ పెట్టుకుని ట్రాక్ మీదికి ఉరుకుతారు. మొదటి రెండు రౌండ్లూ కారు అతుక్కుపోయినట్టు తిరుగుతుంది. అయిదో రౌండుకు మలుపుల్లో జారడం మొదలెడుతుంది. తప్పు తమ డ్రైవింగుదేమో అనుకుని దిగి గాలి చూస్తే... 40 దాటి ఉంటుంది!

ఎక్కడి నుంచి వచ్చింది ఆ గాలి? ఎక్కడి నుంచీ రాలేదు. ఉన్న గాలే వేడెక్కింది. మూసిన పాత్రలో వాయువును వేడిచేస్తే ఒత్తిడి పెరుగుతుందని తొమ్మిదో, పదో తరగతిలో అందరం చదువుకున్నదే. కారు టైరు విషయంలో గుర్తుంచుకోదగ్గ లెక్క, పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్ మీద బ్రేకుల వేడి, మలుపుల్లో రబ్బరు నలిగే వేడి, మధ్యాహ్నానికి యాభై డిగ్రీలు దాటే తారు వేడి అన్నీ కలిసి టైర్లోని గాలిని ఎనభై డిగ్రీలదాకా తీసుకెళ్లగలవు. ముప్ఫై డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐతో బయల్దేరిన టైరు ఎనభైకి చేరేసరికి 35 చూపిస్తుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు లెక్కను వెనక నుంచి మొదలెడతారు. బయల్దేరేటప్పుడు ఎంత ఉండాలని కాదు, వేడెక్కాక ఎంత ఉండాలని చూస్తారు. మామూలు రోడ్డు టైర్లు వేసుకున్న మధ్యరకం కారుకు వేడి మీద 34 నుంచి 38 మధ్య ఎక్కడో ఓచోట పట్టు బాగా కుదురుతుంది. కారు బరువును బట్టీ టైరును బట్టీ ఆ అంకె మారుతుంది. ఎక్కడ కుదిరిందో తెలుసుకోవాలంటే నాలుగు రౌండ్లు తిప్పి, పిట్‌లోకి రాగానే, టైరు చల్లబడేలోగా గేజి పెట్టి చూడటం, ఎక్కువైంది వదిలేయడం, మళ్లీ వెళ్లడం. సాయంత్రం కారు చల్లబడ్డాక గాలి మళ్లీ కొట్టించుకోకుండా ఇంటిదారి పట్టకూడదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

గాలి కన్నా ఎక్కువ కబుర్లు చెప్పేది రబ్బరు. రేసు జట్లవాళ్లు సూదిలాంటి థర్మామీటరును టైరు లోపలి అంచులో, మధ్యలో, బయటి అంచులో గుచ్చి చూస్తారు. మధ్యభాగం మిగతా రెండింటికన్నా వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది, టైరు బెలూనులా మధ్యలోనే ఆనుతోందని అర్థం. రెండంచులూ వేడెక్కి మధ్య చల్లగా ఉంటే గాలి తక్కువైంది. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్ మీద బరువంతా ఎడమవైపు పడుతుంది, ఎడమ టైర్లు ఎక్కువ కాగుతాయి. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఎడమవాటిలో ఒకటో రెండో తగ్గించి పెడతారు, వేడెక్కాక నాలుగూ సమానం కావాలని. ఎండలో నిలబెట్టిన కారుకు ఎండపొద్దున ఉన్న రెండు టైర్లూ రెండోవైపు టైర్ల కన్నా ఎక్కువ చూపిస్తాయి. ఆ తేడాను నిజమనుకుని సరిచేశారంటే ఆ రోజు లెక్కలన్నీ తప్పినట్టే. పిట్‌లో టైర్ల మీద గోనెపట్టాలు కప్పి ఉంచేది ముస్తాబుకోసం కాదు.

నిమిషంలో ముగిసే పోటీ

ఆటోక్రాస్ సంగతి వేరు. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ శంకువులు పేర్చి దారి గీస్తారు. ఒక్కో కారూ ఒంటరిగా వెళ్లి గడియారంతో పోటీపడాలి. శంకువు పడితే సమయం కలుపుతారు. అమెరికాలో పార్కింగ్ స్థలాల్లో, మన దేశంలో ఎక్కువగా మట్టి మైదానాల్లో జరుగుతాయి. మొత్తం ఆట ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర.

ఆ కాస్త సమయంలో టైరు వేడెక్కదు. ట్రాక్ డే లెక్కనే నమ్ముకుని 28 పెట్టుకెళ్తే చివరిదాకా ఇరవై ఎనిమిదో, ముప్ఫయ్యో ఉంటుంది. పదునైన మలుపులో టైరు పక్కకి మడతపడి, నేలకు ఆనాల్సిన రబ్బరు పైకి లేచి, గోడభాగం నేలను రాస్తుంది. అందుకే తారు మీద జరిగే ఆటోక్రాస్‌లో కావాల్సిన గాలిని ముందే పెట్టుకుని దిగుతారు. మామూలు టైర్లతో ఇంజిన్ ముందుండి ముందు చక్రాలే లాగే కార్లయితే (మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ ఇవే) ముందు టైర్లలో కంపెనీ చెప్పినదానికన్నా బాగా ఎక్కువే పెడతారు. బండి మలుపు తిరగనని మొరాయిస్తే వెనక టైర్లలో ఇంకొంచెం పెంచుతారు. వెనక పట్టు కాస్త సడలి తోక తిరుగుతుంది. మట్టి మీద మళ్లీ తలకిందులు, గాలి తగ్గిస్తేనే పట్టు.

ఇందులో వాడే పరికరం వింటే నవ్వొస్తుంది. సుద్దముక్క! టైరు అంచు మీద, రబ్బరు గోడ మొదలయ్యేచోట చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. అక్కడ అడ్డంగా సుద్దగీత గీసి ఒక రౌండు తిప్పుకొస్తారు. గీత త్రికోణం దాటి కిందిదాకా చెరిగిపోయిందా, గాలి చాల్లేదు. త్రికోణం దాకా చెరగనే లేదా, ఎక్కువైంది. సరిగ్గా త్రికోణం కొనదాకా చెరిగితే కుదిరినట్టు. బడిలో పిల్లల జేబుల్లో దొరికే వస్తువుతో ఇంత పని జరుగుతుందంటే ఆటోనగర్ మేస్త్రీలు తప్పకుండా మెచ్చుకుంటారు.

నైట్రోజన్ మాయ

రేసుకార్లలో నైట్రోజన్ నింపుతారని చెప్పి ఇప్పుడు బంకుల్లోనూ టైర్ల దుకాణాల్లోనూ దానికో ధర పెట్టారు. నైట్రోజన్ వేడికి వ్యాకోచించదని ప్రచారం. అది నిజం కాదు. వేడెక్కితే నైట్రోజన్ ఒత్తిడీ మామూలు గాలి ఒత్తిడిలాగే పెరుగుతుంది. అసలు మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

మరి రేసు జట్లకు అదెందుకు? పొడిగా ఉంటుంది కాబట్టి. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటే అది వేడికి ఆవిరై ఒత్తిడిని లెక్కకు అందకుండా పెంచుతుంది. అర పీఎస్ఐ కోసం కొట్లాడేవాళ్లకు అది పెద్ద తేడాయే. కృష్ణా తీరంలో గాలి పొడిగా ఉండేది తక్కువ. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదలకపోతే గాలితోపాటు అదీ టైర్లోకి పోతుంది. ఆ మేరకు నైట్రోజన్ మంచిదే. రబ్బరులోంచి కాస్త నెమ్మదిగా కారుతుంది కూడా. కానీ నైట్రోజన్ కొట్టించాం కదా అని ఆర్నెల్లు గాలి చూడనివాడి కన్నా, పదిహేను రోజులకోసారి మామూలు గాలి చూసుకునేవాడు వందరెట్లు నయం.

పెద్దవాళ్ల పాట్లు

గాలి దగ్గర పొరపాటు పడింది కొత్తవాళ్లేనా అంటే... 2013 జూన్ 30న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో జరిగిన ఫార్ములా వన్ పోటీ చూడాలి. దూసుకెళ్తున్న కార్ల టైర్లు ఒకటి తర్వాత ఒకటి పేలిపోయాయి. లూయిస్ హామిల్టన్, ఫెలిపె మాసా, జాన్ ఎరిక్ వెర్న్... ప్రపంచం టీవీల్లో చూస్తుండగానే రబ్బరు పేలికలయింది. టైర్లు సరఫరా చేసిన పిరెలీ కంపెనీ విచారించి చెప్పిన కారణాల్లో, కుడి టైర్లను ఎడమకు మార్చి బిగించడం, చక్రాలను మరీ వంచి పెట్టడం, ట్రాక్ అంచుల దెబ్బలతోపాటు తాము చెప్పినదానికన్నా తక్కువ గాలితో పరుగెత్తడం కూడా ఉంది. గాలి తగ్గిస్తే పట్టు పెరిగి సెకనులో కొన్ని వంతులు కలిసొస్తాయి. ఆ ఆశే వాళ్లను అక్కడిదాకా తీసుకెళ్లింది.

తర్వాత కనీస ఒత్తిడిపై పట్టింపు పెరిగింది. 2015 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో గెలిచిన హామిల్టన్ కారు టైర్లో గాలి పోటీ మొదలయ్యే ముందు ఉండాల్సిన 19.5 కన్నా 0.3 పీఎస్ఐ తక్కువగా కనిపించింది. సహచరుడు రోస్‌బర్గ్ టైర్లో 1.1 తక్కువ. గెలుపు పోతుందా ఉంటుందా అని గంటలపాటు ఉత్కంఠ. చివరికి శిక్ష పడలేదు. బిగించినప్పుడు గాలి సరిగానే ఉందనీ, వేడిచేసే దుప్పట్లు తీసేశాక టైరు చల్లబడిన తర్వాత కొలవడం వల్ల తగ్గిందనీ తేలింది. చూశారా, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆటలో కూడా వివాదం మన స్కూలు పాఠం దగ్గరే ఆగింది!

టైర్ల పుణ్యమా అని ఓ భారతీయుడికి కలిసొచ్చిన రోజూ ఉంది. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్. ఒరిగి ఉండే పదమూడో మలుపు ఒత్తిడికి మిషలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. శుక్రవారం సాధనలోనే రాల్ఫ్ షుమాకర్ కారు అక్కడ గోడను గుద్దుకుంది. ఆ ఏడాది నిబంధనల ప్రకారం రేసు మధ్యలో టైర్లు మార్చడం కుదరదు. రాజీ కుదరక, ఆ టైర్లున్న 14 కార్లూ ఒక్క రౌండు నడిచి పోటీ మొదలుకాకముందే వెనక్కి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరు కార్లలో కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్‌ది ఒకటి. నాలుగో స్థానం, అయిదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో ఓ భారతీయుడు పాయింట్లు తెచ్చుకోవడం అదే తొలిసారి.

ఇక మన గడప ముందుకొచ్చిన రేసు, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ. సచివాలయం పక్కనుంచి, ఎన్టీఆర్ గార్డెన్స్ ముందునుంచి 2.83 కిలోమీటర్ల దారిలో విద్యుత్ కార్లు తిరిగాయి. అందులో వాడేది ఒకేరకం టైరు. ఎండకైనా వానకైనా అదే. ముందుగా వేడిచేసే దుప్పట్లు లేవు, చల్లటి టైర్లతోనే మొదలవ్వాలి. మొదటి రౌండ్లలో పట్టు ఎంతో, చివర్లో గాలి ఎంత పెరుగుతుందో ముందే ఊహించాలి. ఆ రోజు గెలిచింది ఎవరనుకున్నారు? పదేళ్ల కింద సిల్వర్‌స్టోన్‌లో టైరు పేలిన జాన్ ఎరిక్ వెర్నే. మర్నాటి ఏడాది జరగాల్సిన పోటీ రద్దయింది గానీ, ట్యాంక్‌బండ్ జనానికి ఆ ఒక్కరోజే మిగిలింది.

'ఎండలు కదా, తగ్గించు'

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మే నెల. బెజవాడలో పొద్దున తొమ్మిదికే బెంజి సర్కిల్ దగ్గర తారు మెత్తబడుతుంది. పిల్లలకు సెలవులు, తిరుపతి మొక్కు, నాలుగువందల కిలోమీటర్ల ప్రయాణం. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. బయల్దేరేముందు 'వేడికి పేలుతుంది, తగ్గించు' అనే సలహా ఎక్కడో ఒకచోట తప్పకుండా వినిపిస్తుంది. రేసువాళ్లు తగ్గించి బయల్దేరతారని విన్న మేనల్లుడు ఒకడుంటే వాడూ వంతపాడతాడు.

ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. ట్రాక్ మీద తగ్గించేది మూడు రౌండ్లలో కావాల్సిన చోటికి పెరుగుతుందని తెలిసి. పైగా నాలుగు రౌండ్లకోసారి దిగి చూసుకుంటారు. కారులో సామాను ఉండదు. వాళ్లకు టైరు పావుగంట నిలిస్తే చాలు, మనకు నాలుగైదు గంటలు నిలవాలి.

గాలి తక్కువైన టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ కింద నలిగి పైన నిటారవుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకు పదిహేనుసార్లు. తీగను అటూ ఇటూ వంచుతూపోతే చేతికి వేడి తగులుతుందే, అలాగే టైరు గోడలో వేడి పుడుతుంది. బరువు ఎక్కువైతే ఇంకా నలుగుతుంది. వేడికి రబ్బరుకూ లోపలి దారాల పొరకూ మధ్య అతుకు వదులుతుంది. ఓచోట పొర లేస్తుంది. ఆ తర్వాత... పెద్ద శబ్దం! మనం గాలి ఎక్కువై పేలిందనుకుంటాం. చాలాసార్లు పేల్చింది తక్కువైన గాలే.

వేడికి పెరిగే నాలుగైదు పీఎస్ఐని తట్టుకునేలాగే టైరును తయారుచేస్తారు. ముప్ఫై డిగ్రీల వేళ 33 పెట్టిన టైరు దారిలో అరవై డిగ్రీలకు చేరితే దాదాపు 38 చూపిస్తుంది. అది జబ్బు కాదు. ఒంగోలులో టిఫిన్‌కు ఆగినప్పుడు ఎవరో చూసి 'అమ్మో, ఎక్కువుంది' అని వదిలేసి మళ్లీ 33 చేశారనుకోండి. రాత్రి చల్లబడి మర్నాడు తెల్లారేసరికి అందులో ఉండేది 29 లోపే. తిరుగు ప్రయాణం దాంతోనే. ట్రాక్ నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం మళ్లీ గాలి కొట్టించుకోవాలన్నది ఇందుకే.

కోర్టు ఏమందంటే

టైరు పేలితే 'దైవఘటన' అనుకోవడం మనకు అలవాటు. ఓ బీమా కంపెనీ కూడా అలాగే వాదించింది. 2010 అక్టోబరులో మహారాష్ట్రలో ఓ కారు వెనక టైరు పేలి లోయలో పడింది. సహోద్యోగి నడుపుతున్న ఆ కారులో ఉన్న ఓ ఉద్యోగి చనిపోయాడు. భార్య, చిన్న కూతురు, తల్లిదండ్రులు మిగిలారు. ట్రైబ్యునల్ దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. టైరు పేలడం భగవంతుడి చర్య, డ్రైవరు తప్పు కాదు కాబట్టి ఇంత ఇవ్వలేమంటూ కంపెనీ బాంబే హైకోర్టుకెళ్లింది.

2023లో కోర్టు ఆ వాదనను కొట్టేసింది. దైవఘటన అంటే మనిషి అదుపులో లేని ప్రకృతి విపత్తు. టైరు పేలడం మనిషి నిర్లక్ష్యం. అతివేగం, తక్కువ గాలి, ఎక్కువ గాలి, వాడేసిన టైర్లు, వేడి... పేలడానికి ఇన్ని కారణాలున్నాయనీ, ప్రయాణానికి ముందు టైర్లు చూసుకోవాల్సిన బాధ్యత నడిపేవారిదేననీ చెప్పింది. ఆ కుటుంబానికి డబ్బు దక్కింది. మనిషి రాలేదు.

బయల్దేరేముందు

ఎంత పెట్టాలన్నది ఎవరినీ అడగక్కర్లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపల. ఒకరిద్దరు ఎక్కినప్పుడు ఎంతో, నిండా ఎక్కి సామాను వేసినప్పుడు ఎంతో చాలా కార్లలో రెండు అంకెలుగా రాసి ఉంటుంది. తిరుపతి వెళ్లేటప్పుడు రెండో అంకె చూడాలి. టైరు పక్కన అచ్చేసిన 44, 51 వంటి అంకె చూసి అంత కొట్టించేవాళ్లూ ఉన్నారు. అది ఆ టైరు భరించగల గరిష్ఠం మాత్రమే, పెట్టుకోమని కాదు.

ఆ స్టిక్కర్ అంకె చల్లటి టైరుకు. అంటే రాత్రంతా నిలబెట్టిన కారుకు, ఎండెక్కకముందు. బంకు దాకా రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్తే పెద్ద తేడా రాదు. బంకుల్లో గాలి ఉచితమే, ఎవరూ మొహమాటపడక్కర్లేదు. అక్కడి మీటరు మీద నమ్మకం లేకపోతే కొన్ని వందల రూపాయలకు సొంత గేజి వస్తుంది. రేసర్లయితే ఎప్పుడూ ఒకే గేజి వాడతారు. అది అర పీఎస్ఐ తప్పు చూపించినా పర్లేదు, రోజూ అదే తప్పు చూపిస్తే చాలంటారు.

గేజి పెట్టినప్పుడే టైరు వయసూ చూడొచ్చు. గోడ మీద గుడ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. గాడులు 1.6 మిల్లీమీటర్ల కన్నా అరిగితే కారు టైరు రోడ్డెక్కడానికి చట్టమే ఒప్పుకోదు. గాడుల మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఆ హద్దు వచ్చేసినట్టే. సెకండ్‌హ్యాండ్ టైరు కొనేటప్పుడు గాడుల లోతు చూసి మురిసిపోయి ఆ నాలుగంకెలు చూడటం మర్చిపోతారు చాలామంది.

టైర్ల కోసం ఇప్పుడు దూరం వెళ్లక్కర్లేదు కూడా. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో 2020 నుంచి అపోలో... మన తెలుగు నేల మీదే తయారవుతున్నాయి.

ఇక స్టెప్నీ. నాలుగు చక్రాలకూ గాలి కొట్టించి, డిక్కీలో సామాను కింద ఉన్న అయిదోదాన్ని ఎవరూ కదపరు. వాడకపోయినా నెలకు ఒకటో అరో పీఎస్ఐ కారిపోతూనే ఉంటుంది. ఏడాది కిందట కొట్టించిన స్టెప్నీని గూడూరు దగ్గర అర్ధరాత్రి బిగిస్తే అది దాబా దాకా కూడా లాగదు. గాలి ఒత్తిడి చూపించే పరికరమూ, ట్యూబ్‌లెస్ టైర్ల మరమ్మతు సరంజామా ఉంటే స్టెప్నీ లేకుండానే కార్లు అమ్ముకోవచ్చని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. కొత్త కారు కొన్నవాళ్లు డిక్కీ పట్టా ఒకసారి ఎత్తి, కింద చక్రం ఉందో, చిన్న కంప్రెసర్ డబ్బా ఉందో చూసుకుని బయల్దేరాలి.